కాళ్ళకు నీళ్ళు

మా బాపు అబద్ధమాడంగ నేను ఒక్కసారే చూసిన. అది కత్వ మీద నిలబడి, ఇరిగేషన్ ఏఈ కిషన్‌రావు సారు ముందర.

కత్వ అంటే వాగుకు అడ్డంగా కట్టిన రాతిగోడ. మాది పాతకాలపు గచ్చు కత్వ, మనిషి నిలువు కంటే కొంచెం ఎత్తు. దాని నీళ్ళు చూసుకునే పని తాతల కాలం నుంచి మా ఇంటిదే. బాపు పేరు కుర్మయ్య అయినా ఊర్ల అందరూ నీరటి అనే పిలుస్తరు. ఏ మడికి నీళ్ళు ఎప్పుడు కట్టాలె, ఎప్పుడు ఇడవాలె అన్నది నీరటి మాట. పంట కోసినంక కల్లాల కాడ ఆయన వంతు గింజలు ఆయనకు పోసేటోళ్ళు.

నేను చెప్పే నాటికి మడులు లేవు. కత్వ కాలువ కింది పొలమంతా ప్లాట్లయింది. వరుసగా పాతిన రంగు రాళ్ళు, వాటి నడుమ సర్కారు తుమ్మ. చేవెళ్ళ రోడ్డు మీద పెద్ద బోర్డు ఉన్నది, ఇక్కడి నుంచి ఐటీ కంపెనీలకు ఇరవై ఐదు నిమిషాలే అని. కత్వల నిలిచిన నీళ్ళు ఎవ్వరికీ పారవు. గుర్రపుడెక్క కప్పుకొని, కదలకుండ, వాసన కొడుతుంటయ్. వాటితోని పని ఉన్నది ఒడ్డు మీదున్న ఒక్క ఫామ్‌హౌస్‌కే. ఆ ఇంటి వరండాల కూసొని చూస్తే కత్వ చెరువు లెక్క కనిపిస్తది. వాళ్ళే గోడ మీద ఇంకో రెండడుగులు సిమెంటు పోయించిండ్రు.

వాగు మళ్ళ హిమాయత్‌సాగర్ దాక పారాలె, కత్వ తీసెయ్యాలె అని సర్కారు నిర్ణయించింది. కిషన్‌రావు సారు ఎండాకాలం నడిమిట్ల జీపుల వచ్చిండు. మెత్తగ మాట్లాడే మనిషి. కాగితాలు జీపు బానెట్ మీద పరిచి, బాపును పిలిచి అడిగిండు.

"పెద్దాయనా, ఇది తీస్తే నీళ్ళు పాత వాగులనే పోతయ్. కింది ఊరి దాక మూడు కిలోమీటర్లు. ఆ నడుమ ఇండ్లేమన్న ఉన్నయా?"

"లేవు సారు."

"పంటలు?"

"లేవు."

"గుళ్ళు గాని, సమాధులు గాని?"

బాపు పారను ఒక చేతిలకెళ్ళి ఇంకో చేతిలకు మార్చుకున్నడు.

"లేవు సారు," అన్నడు. సారు చూపించిన కాడ ఏలిముద్ర ఏసిండు.

ఆ వాగులనే, ఈతచెట్ల మలుపు కాడ, మూడేండ్ల కింద మేం అమ్మను పెట్టినం.

అమ్మ పేరు సుక్కమ్మ. భాద్రపదంల జొరమొచ్చి, దవాఖానల తొమ్మిది రోజులుండి పోయింది. అప్పటికే మా బొందలగడ్డ చుట్టూ ప్లాట్లు అమ్మే వెంచరోళ్ళు రాతి కడీలు పాతి తీగ గుంజిండ్రు. గేటుకు తాళం. తాళంచెవి ఉన్న మనిషి శంకర్‌పల్లిల ఉన్నడు, సాయంత్రానికి వస్తడు అని వాచ్‌మెన్ చెప్పిండు. పాడె భుజాల మీద ఉన్నది. మా అన్న జగదీశ్ వాచ్‌మెన్ అంగీ పట్టుకున్నడు. బాపు వచ్చి అన్న చెయ్యి విడిపించిండు.

"వాగుల పెడదాం," అన్నడు.

"వాగుల ఎట్ల పెడ్తవ్ నీరటీ? రేపు నీళ్ళొస్తే?" అని మా వాడ పెద్దమనిషి మోషే తాత అడిగిండు.

"వాగు సంగతి నాకెరుక లేదా? అది ఇంక రాదు."

నీళ్ళ గురించి నీరటి చెప్పినంక ఇంకొకరు మాట్లాడరు. ఇసుక మెత్తగ ఉన్నది, గుంత తొందరగ తయారయింది. బాపు తల దిక్కు మూడు రాళ్ళు పెట్టిండు. మరుసటి యేడు ఆ రాళ్ళ పక్కన తంగేడు మొలిచింది.

అమ్మ పుట్టింది కింది ఊర్లనే. ఆమె తోడబుట్టిన అక్క అంతమ్మ మేనబావను చేసుకొని ఆ ఊర్లనే ఉండిపోయింది. మాకు పెద్దమ్మ. మా దిక్కు ఇంటికి మనిషొస్తే ముందుగాల చెంబుతోని కాళ్ళకు నీళ్ళిస్తరు. పగోడొచ్చినా ఇస్తరు, ఇచ్చినంకనే ఎందుకొచ్చినవ్ అని అడుగుతరు. పెద్దమ్మ మా బాపుకు మాత్రం ఇయ్యకపోయేది. నాకు, అన్నకు చెరి సగం చెంబు ఇచ్చి, బాపు దిక్కు తిరిగి, "మా ఊర్ల నీళ్ళు లేవు మరిదీ, నీకెరుకే కదా," అనేది.

బాపు దుమ్ము కాళ్ళతోనే అరుగు మీద కూసొని, చాయ్ తాగి, లేచి వచ్చేటోడు. చిన్నప్పుడు నేను దాన్ని వదినె మరుదుల పరాచికం అనుకున్న. అమ్మ అసలు ఆ ఊరికే పోకపోయేది. పండుగకు మమ్మల్ని బాపు ఎంబడి తోలి, తాను ఇంట్ల ఉండేది. మోకాళ్ళ నొప్పి అనేది. అదే మోకాళ్ళతోని ఆలూరు దాక నడిచి కూలికి పోయేది.

ఏలిముద్ర సంగతి అన్నకు తెల్లారే తెలిసింది. అన్న ఒక కంపెనీకి ఇండికా కారు నడుపుతడు. అక్కడ పనిచేసే పిల్లల్ని వాళ్ళ వాళ్ళ ఇండ్లకు చేర్చి, పొద్దెక్కినంక వచ్చి పండుకుంటడు. ఆ రోజు పండుకోలే. బాపు అన్నం తింటుంటే వచ్చి ఎదురుంగ నిలబడ్డడు.

"సమాధి లేదని ఏలిముద్ర ఏసినవా?"

"ఏసిన."

"మరి అమ్మ ఎక్కడున్నది? హైటెక్ సిటీలున్నదా?"

బాపు ముద్ద కలుపుకుంట కూసున్నడు. తినలే.

"తీసి వేరే జాగల పెడదాం బాపు," అని నేను అన్న.

"మూడేండ్ల మన్ను బిడ్డా. మన్నులకెళ్ళి మన్నును ఎట్ల ఏరుతవ్? పెట్టినదాన్ని కదిలియ్యొద్దు. మనోళ్ళల్ల ఆ పద్ధతి లేదు."

"అయితే కత్వను కదిలియ్యొద్దు," అన్నడు అన్న. "ఫామ్‌హౌస్ మేనేజరు నాకు ఫోన్ చేసిండు. వాగుల సమాధి ఉన్నదని మనం ఒక దరఖాస్తు ఇస్తే చాలట. కోర్టుల ఏసి పని ఆపిస్తరట."

"వాళ్ళ వరండా కోసం."

"దేనికోసమైతే నాకేంది? వాళ్ళకు వరండా కావాలె, నాకు అమ్మ కావాలె." అన్న నా దిక్కు తిరిగిండు. "నీ రాత మంచిగుంటది. రాయి."

నేను ఊరి బడిల పదో తరగతి దాక చదివిన. ఇప్పుడు ఎంకపల్లి దిక్కు గులాబీ తోటకు పనికి పోత. ప్లాస్టిక్ గుడారాల కింద పూలు కోసి, ముండ్లు తీసి, ఇరవై పూలకొక కట్ట కడుత. రాసే పని ఇంట్ల ఎప్పుడో గాని పడదు. ఆ రోజు గడప కాడ కూసొని ఒక పేజీ రాసిన. మా తల్లి సుక్కమ్మను ఫలానా మలుపు కాడ పూడ్చి ఉన్నం, కావున పని ఆపాలని మనవి. అందుల ఒక్క అబద్ధం లేదు. అన్న చదివి కింద సంతకం పెట్టిండు. కలం నాకిచ్చిండు.

"రేపు పెడత," అన్న నేను.

"రేపెందుకు?"

ఎందుకో నాకూ తెల్వదు. బాపు అబద్ధమెందుకు చెప్పిండో తెలిసినంక పెడదామనిపించింది, అంతే.

మరునాడు పొద్దున బాపు కత్వ కాడ ఉన్నడని తెలిసి పోయిన. గోడ కింద, పొడి దిక్కు కూసొని ఉన్నడు. నేను పక్కన కూసున్న. అడగలే. బాపును అడిగితే చెప్పడు, పక్కన కూసుంటే చెప్తడు.

కొంచెంసేపటికి కాలితోని గోడ అడుగు చూపించిండు. మట్టిల మునిగి, రాతి అంచు ఒకటి బయటికి కనిపిస్తున్నది.

"అది తూము. తొలకరి వరద మూడు రోజులు దాంట్లకెళ్ళి కిందికి పోవాలె. తొలి నీళ్ళు మనయి కావు, వాగుయి. మా తాత నాటి కట్టుబాటు అది. మూడు రోజులైనంకనే బిరడ ఏసి, తూము మూసి మన మడులకు కట్టుకునేది. ఆ మూడు రోజుల పారకంతోనే కింది ఊరి బావులన్ని ఊరేటియి."

"ఇది తెరిచి ఉండంగ నేనెప్పుడూ చూడలే."

"నీకు ఏడేండ్లప్పుడు మూసిన. కరువు. మిరుగు కార్తెల ఒక్కటే వాన పడ్డది. ఊరంతా వచ్చి మన వాకిట్ల కూసున్నది. ఈ ఒక్క యేడు మూయి నీరటీ అన్నరు. మూసిన. బిరడ సందులకెళ్ళి కారుతున్నది. ఇంటికురికొచ్చిన. దండెం మీద మీ అమ్మ చీర ఆరేసి ఉన్నది. దాన్ని తీస్కపోయి ముద్ద చేసి కుక్కి, మీద రేగడి మన్ను మెత్తిన. బొట్టు కారలే."

"మరుసటి యేడు తీయలేదా?"

"పోయిన. ఒండ్రు పూడుకపోయి ఉన్నది. తవ్వుతుంటే నలుగురొచ్చిండ్రు. ఉన్నదాన్ని ఎందుకు కదిలిస్తవ్ అన్నరు." బాపు ఒక రాయి తీసి పక్కకు పెట్టిండు. "ఎవ్వరూ నా చెయ్యి పట్టుకోలే బిడ్డా. ఒట్టిగ అన్నరు. ఆపింది నేనే."

"అమ్మకు చెప్పినవా?"

"దండెం మీద చీర లేకపోతే ఆడిదానికి తెల్వదా? అడగలే. ఆ దినం నుంచి పుట్టింటికి పోలే. ఏ మొఖంతోని పోవాలె అన్నది, ఒక్కసారే."

ఫామ్‌హౌస్ దిక్కు నుంచి గడ్డి కోసే మిషన్ చప్పుడు వచ్చి ఆగింది.

"వాగు ఇంక రాదు అని నువ్వు చెప్తే అందరూ నమ్మిండ్రు," అన్న నేను.

"రాకుండ చేసింది నేనే కదా. నాకు గాక ఎవరికెరుక." లేచి నిలబడి పంచె దులుపుకున్నడు. "నువ్వు సంతకం పెడితే పెట్టు బిడ్డా. కాదనను. నేనైతే ఇంకోసారి ఆపలేను."

ఇంటికొచ్చి అన్నకు చెప్పిన, చీర సంగతితో సహా. అన్న మంచం మీద కూసొని సెల్‌ఫోన్ అటూ ఇటూ తిప్పుకుంట విన్నడు.

"అయితే? తప్పు ఆయన చేస్తే అమ్మ కొట్టుకపోవాల్నా?"

 అప్పుడే అమ్మను లేపిన రోజు గుర్తుకొచ్చింది. పుట్టింటోళ్ళు చీర పట్టుకొచ్చి కప్పిందాక ఆడిదాని పీనుగను లేపరు. ఎంత ఎండైనా, ఎంత వానైనా ఆగాల్సిందే. ఆ రోజు పెద్దమ్మ ఆకుపచ్చ చీర చంకల పెట్టుకొని మూడు కిలోమీటర్లు నడిచి వచ్చిందాక పాడె వాకిట్లనే ఉన్నది.

"పెద్దమ్మను అడుగుదాం అన్నా. అమ్మ మీద ఆఖరి మాట ఆమెదే కదా."

 అన్న ఏం అనుకున్నడో నాకు అర్థమయింది. పెద్దమ్మకు బాపు అంటే పడదు. బాపు పెట్టిన ఏలిముద్రకు ఆమె సరే అనదు.

"అడుగు," అన్నడు. "ఆమె వద్దంటే పని ఆపిస్త. సరే అంటే నేను నోరు మూసుకుంట. దరఖాస్తు చదివి వినిపియ్యి, మాట మార్చకు."

రోడ్డున పోలే నేను. వాగులనే నడిచిన. ఇసుక కాళ్ళ కింద కాలుతున్నది. అక్కడక్కడ ట్రాక్టర్లు ఇసుక ఎత్తుకపోయిన గుంతలు. ఈతచెట్ల మలుపు కాడ ఆగి, తంగేడు కింద ఎండుటాకులు ఏరేసి, మళ్ళ నడిచిన.

పెద్దమ్మ ఇంటి ముందర గిన్నెలు తోముతున్నది. నన్ను చూసి లేచి, తొట్టిలకెళ్ళి సగం చెంబు ముంచి ఇచ్చింది. వాళ్ళ ఊరికి వారానికి ఒకసారి ట్యాంకర్ వస్తది. నేను పాదాల మీద కొంచెం పోసుకొని మిగిలింది తులసి గద్దెల పోసిన.

దరఖాస్తు తీసి మెల్లగ చదివిన. చేతులకు బూడిద అంటుకొని ఉండంగనే విన్నది.

"ఎవలు రాసిండ్రు?"

"నేనే."

"మంచిగ రాసినవ్. మీ అమ్మకు అక్షరం ముక్క రాకపోయేది." చెంబు తీసి లోపల పెట్టి వచ్చింది. "ఇప్పుడు నన్నేమడగొచ్చినవ్? నీళ్ళు కావాలంటే చెల్లె పోవాలె, చెల్లె ఉండాలంటే నీళ్ళు రావొద్దు. ఇదేనా?"

నేను తల ఊపిన.

"మస్తు తెలివిగల్ల ఇల్లు మీది. ఎప్పుడైనా భారం మా నెత్తినే పెడతరు."

లేచి ఇంటి వెనకకు పోయింది. నేనూ పోయిన. అక్కడ వాళ్ళ బావి. రాతి మెట్లు కిందికి దిగి దిగి, అడుగున చెత్తల కలిసిపోతయ్. ఒక ప్లాస్టిక్ కుర్చీ తలకిందులుగ పడి ఉన్నది. పెద్దమ్మ పై మెట్టు మీద కూసున్నది. నేను రెండు మెట్లు కింద కూసున్న. 

"ఎనిమిదో మెట్టు దాక నీళ్ళుండేటియి," అన్నది. "మీ అమ్మ ఆరో మెట్టు మీద కూసొని బట్టలు ఉతుకుతుండె. నాకు ఏడోది. చిన్నదని పైన కూసోబెట్టిన, పడుతదేమోనని."

నేను మెట్లు లెక్కపెట్టిన.

"పన్నెండేండ్లు దాని జాడ చూసిన మమతా. ఈ యేడు వస్తది, ఈ యేడు వస్తది అని. ఆఖరుకు నేనే చీర పట్టుకొని పోవాల్సొచ్చింది. ఆడిబిడ్డ పుట్టింటికి ఒక్కతే రాదు. ఎవరో ఒకరు తోలుకరావాలె." చేతుల బూడిద చీరకు తుడుచుకున్నది. "మీ బాపుకు చెప్పు. దాన్ని ఆయన్నే తోలుకరమ్మను. నడుమ ఇడిసిపెట్టి పోవొద్దు. మా ఊరి దాక తోలుకరమ్మను."

ఆ మాట అట్లనే వచ్చి ఇంట్ల చెప్పిన. బాపు విని దిగ్గున లేచి బయటికి పోయిండు.  అన్న నా చేతిలకెళ్ళి దరఖాస్తు తీసుకొని, నాలుగు మడతలు పెట్టి, కారు డ్యాష్‌బోర్డుల ఏసుకున్నడు. చింపలేదు. మేనేజరు ఫోన్ చేస్తే కట్ చేసిండు.

మిషన్ రావుడు ఆలస్యమయింది. ఈలోగ మిరుగు వానలు రెండు పడి కత్వ అంచు దాక నిండింది. ఒక సోమవారం పొద్దున పొక్లెయిన్‌ను లారీ మీద తెచ్చి దించిండ్రు. ఊరోళ్ళు కొంతమంది వచ్చి గట్టు మీద నిలబడ్డరు.  ఆ గోడ మీదికెళ్ళి దుంకి ఈత నేర్చుకున్నోళ్ళే అందరూ.

బాపు కిషన్‌రావు సారు దగ్గరికి పోయిండు. చెప్పులు ఇడిసి, తలపాగ తీసి చేతుల పట్టుకున్నడు.

"సారు, మీకొక అబద్ధం చెప్పిన."

"ఏం చెప్పినవ్?"

"వాగుల ఒక బొంద ఉన్నది. మా ఇంటామెది."

సారు మిషన్ దిక్కు చూసిండు, చేతిల కాగితాల దిక్కు చూసిండు. "ఇప్పుడు చెప్తవా పెద్దాయనా? ఆపమంటవా?"

"వద్దు సారు. ముందుగాల తూము తెరుస్త. నేను మూసిందే. మెల్లగ వస్తయ్ నీళ్ళు, నేను వాటి ముందర నడుస్త. నేను కింది ఊరు చేరినంక మీరు గోడ కొట్టుకోండ్రి."

నీళ్ళ ముందర నడుచుడు నీరటి పని. యేటా కాలువల తొలి నీళ్ళు ఇడిసినప్పుడు పార భుజాన పెట్టుకొని, ఉత్త కాళ్ళతోని, నీళ్ళ కంటే నాలుగడుగులు ముందర నడవాలె. చెత్త ఉంటే తీయాలె, గండి ఉంటే పూడ్చాలె, ఆఖరి మడి దాక నీళ్ళను తీస్కపోవాలె. నీళ్ళకు తొవ్వ తెల్వదు, నీరటే చూపియ్యాలె అంటరు. ఆ సంగతి సారుకు ఎంత తెలుసో గాని, గడియారం చూసుకొని, "సాయంత్రం నాలుగు దాక," అన్నడు.

తూము నోట్ల మట్టి తీయడానికి గంట పట్టింది. బాపు గడ్డపార పెట్టి పొడిచిండు. లోపల రాయి లెక్క బిగుసుకపోయి ఉన్నది. పది పోట్లకు ఆయాసమొచ్చి గోడకు ఆనుకున్నడు. అప్పుడు చూసిన, అన్న గట్టు దిగి వస్తున్నడు. డ్యూటీ అంగీ మీదనే ఉన్నడు, మెడల కంపెనీ కార్డు ఊగుతున్నది. నిద్ర లేక కండ్లు ఎర్రగున్నయ్.

"జరుగు బాపు," అన్నడు. "మూసినప్పుడు ఇంత గట్టిగ మూయకపోతే ఏం పోయేది."

కార్డు అంగీ జేబుల కుక్కుకొని గడ్డపార అందుకున్నడు. ఎన్ని పోట్లు పొడిచిండో నేను లెక్కపెట్టలే. ముందు చెమ్మ వచ్చింది. తర్వాత నల్లటి బురద ముద్దలు ముద్దలుగ జారింది. బాపు మోకాళ్ళ మీద కూసొని ఆ బురదను రెండు చేతులతోని తీసి, పిసికి, వేళ్ళ నడుమ వెతికిండు. ఏం వెతుకుతున్నడో మా ఇద్దరికే తెలుసు. గుడ్డ పోగు ఒక్కటీ దొరకలే. ఉత్త బురద. చేతులు ఇసుకకు రుద్దుకొని లేచిండు. అంతల నీళ్ళొచ్చినయ్. ముందు నల్లగ, తర్వాత ఎర్రగ.

బాపు పార భుజాన పెట్టుకొని నడక మొదలుపెట్టిండు.

ఎండిన ఇసుకల నీళ్ళు నడవాలంటే ఎంతసేపు పడుతదో ఆ రోజు చూసిన. నాలుగడుగులు వస్తయ్, ఇసుక తాగేస్తది. ఆగుతయ్. ఎనకటి నీళ్ళు వచ్చి కలుస్తయ్, మళ్ళ నాలుగడుగులు. నీళ్ళ అంచుకు నురుగు, ఎండుటాకులు, గుడ్లు మోసుకొని ఉరికే చీమలు. వాటి కోసం ఎక్కడి నుంచో కొంగలు వచ్చి దిగినయ్. నీళ్ళు ఆగిన కాడల్ల బాపు ఆగేటోడు, వెనక నీళ్ళ చప్పుడు వినుకుంట నిలబడి, అవి మళ్ళ కదిలితే కదిలేటోడు. ట్రాక్టర్ గుంతలు నిండిందాక గట్టున కూసునేటోడు. నేను, అన్న ఒడ్డు మీద నడిచినం. అన్న కారు సంగతే మరిచిపోయిండు.

పొద్దు నెత్తి మీదికొచ్చేటాళ్ళకు ఈతచెట్ల మలుపు వచ్చింది.

అక్కడ వాగు కొంచెం వంపు తిరుగుతది. అమ్మ దిబ్బ సరిగ్గ నడిమిట్ల ఉన్నది. మూడు రాళ్ళు, తంగేడు. బాపు రాళ్ళ పక్కన నిలబడ్డడు. నీళ్ళు వచ్చి నాలుగడుగుల దూరంల ఆగినయ్, గుంత నింపుకుంట.

పారతోని ఎడమ దిక్కు ఒక్క గీత గీస్తే చాలు, నీళ్ళు దిబ్బను తప్పుకొని పోతయ్. ఆ రోజుకైతే పోతయ్. నాకు తెలిసినప్పుడు ఆయనకు తెల్వదా. పార భుజం మీది నుంచి దిగింది. అన్న నా చెయ్యి పట్టుకున్నడు. చిన్నప్పుడు బడికి తీస్కపోయినప్పుడు పట్టుకున్నట్టు గట్టిగ.

బాపు వంగి, మూడు రాళ్ళను ఒక్కొక్కటే తీసి ఒడ్డు మీద పెట్టిండు. తలవైపు ఇసుకను పారతోని కొంచెం చదును చేసిండు. అంతే. పార మళ్ళ భుజానికి పెట్టుకున్నడు.

"నడువు," అన్నడు మెల్లగ. నీళ్ళతోని అన్నడో ఎవరితోని అన్నడో. "మీ అక్క తోలుకరమ్మన్నది."

గుంత నిండి నీళ్ళు అంచు దాటినయ్. ముందుగాల తంగేడు మొదట్లకు చేరినయ్. తర్వాత దిబ్బ మీద చిన్న చిన్న బుడగలు లేచినయ్, ఎండిన మన్ను నీళ్ళు తాగుతుంటే లేస్తయ్ కదా, అట్ల. కొంచెంసేపు ఇసుక అమ్మ మీది నుంచి కదలలేదు. ఆ తర్వాత నెమ్మదిగ ఒక పక్క కరిగింది.

బాపు వెనకకు చూడలే. ముందర నడుస్తున్నోడు చూడొద్దు, నీళ్ళు ఆగుతయంటరు. అన్న చూడలేక మొఖం తిప్పుకున్నడు. నేను చూసిన. ముగ్గురిల ఒకరన్న చూడాలె కదా. తంగేడు తల వంచి మళ్ళ లేచిందాక నిలబడి, తర్వాత నడిచిన.

కింది ఊరు చేరేటప్పటికి నాలుగు కావొచ్చింది. నీళ్ళు చెయ్యి వెడల్పు పాయ అయినయ్, కాని ఆగలేదు. ఊరి మొదట, వాగు గట్టు మీద, ఎనిమిది పది మంది నిలబడి ఉన్నరు. అందరికంటే ముందర పెద్దమ్మ. చేతిల చెంబు ఉన్నది. ఖాళీ చెంబు.

బాపు ఆమెకు పది అడుగుల దూరంల ఆగిండు. నీళ్ళు ఆయన మడమలు తాకినయ్. ఆయన పక్కకు జరిగి తొవ్వ ఇచ్చిండు. నీళ్ళు ఆయనను దాటి ముందరికి పోయి, పెద్దమ్మ కాళ్ళ కాడ సన్నగ పాకినయ్.

పెద్దమ్మ కిందికి చూసింది.  వంగి, రెండు వేళ్ళు నీళ్ళల్ల ముంచి తీసింది. తర్వాత పాయ దారిల చేతితోని చిన్న గుంత తీసి, అది నిండిందాక ఆగి, చెంబు ముంచింది. ఎర్రటి నీళ్ళు, పైన ఒక ఎండుటాకు తేలుతున్నది. ఆకు తీసి పారేసింది.

చెంబు బాపు దిక్కు చాపింది.

"కాళ్ళు కడుక్కో మరిదీ."

బాపు రెండు చేతులతోని తీసుకున్నడు. పాదాల నుంచి మోకాళ్ళ దాక బురద పట్టి ఉన్నది. చెంబు ఎత్తిండు గాని పోసుకోలే. దాన్నే చూసుకుంట నిలబడ్డడు.

"బురదగున్నయ్ నీళ్ళు," అన్నది పెద్దమ్మ.

"తొలి నీళ్ళు గట్లనే ఉంటయ్ వదినె," అన్నడు బాపు. "రేపటికి తేరుకుంటయ్."

అప్పుడు పోసుకున్నడు. ముందు కుడి కాలు, తర్వాత ఎడమ కాలు. దూరంగ, మా ఊరి దిక్కు నుంచి, గోడ కొట్టే మిషన్ చప్పుడు మొదలయింది.